తల్లి కొండచిలువ లెక్క



ఈవేళ మీతో ఒక పాము గురించి మాట్లాడాలని వచ్చాను. భయపడకండి, ఇది విషం ఉన్న పాము కాదు. మనం కొండచిలువ అంటాం. చిలువ అంటే పాత తెలుగులో పామే. సరిహద్దు దాటితే పేరు మారుతుంది. కన్నడంలో హెబ్బావు, అంటే పెద్ద పాము. తమిళంలో మలైపాంబు, అదీ కొండపామే. మరాఠీ, ఒడియా వాళ్లు అజగరం అనే సంస్కృతపు మాటనే తమ తమ పలుకుల్లో వాడతారు. మేకను మింగేది అని దాని అర్థం. మన ఇళ్లలో ఒక భాష, బజారులో ఇంకో భాష మాట్లాడుకునే వాళ్లం కదా, ఈ పాముకు కూడా మనలాగే రెండు మూడు పేర్లున్నాయి.

నేను చెప్పబోయేది ఈ పాము ఎంత పొడుగు, ఎంత బరువు అనే సంగతి కాదు. ఆడ కొండచిలువ ఏడాది పొడుగునా ఎలా గడుపుతుంది, ఎప్పుడు జతకడుతుంది, గుడ్డు ఎలా కట్టుకుంటుంది, పెట్టిన గుడ్లను ఎలా కాపాడుకుంటుంది, ఆ సంగతి. ఇది మనకెందుకు అని మీరడగవచ్చు. అడగాలి కూడా. అందుకే ముందుగా నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. ఇది నేను గొప్పగా చెప్పుకునేది కాదు.

మాది కృష్ణగిరి వైపు. బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. 1998 మే నెలలో, మామిడి కోతల రోజుల్లో, మా ఊరి రైతు ఒకాయన తోటలో బావి పని పెట్టుకొని పాత రాళ్లకుప్ప తీయిస్తున్నాడు. కుప్ప అడుగున కొండచిలువ చుట్ట చుట్టుకొని ఉంది. కూలీలు అదిరిపోయారు. అది కదల్లేదు, పారిపోలేదు, మీదికీ రాలేదు. గడ్డపారలతో కొట్టి చంపేశారు. నాకు కబురొచ్చి వెళ్లేసరికి పని అయిపోయింది. చుట్ట విప్పి చూస్తే లోపల 23 గుడ్లు, ఒకదానికొకటి అంటుకొని, తెల్లగా, బాతు గుడ్డుకన్నా పెద్దవిగా ఉన్నాయి.

నేను చదువుకున్నవాణ్ణి కదా, ఈ గుడ్లనైనా బతికిద్దామనుకున్నాను. అటవీ శాఖ వాళ్లకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. అతుక్కున్న గుడ్లను ఒక్కొక్కటే విడదీసి, గడ్డి పరిచిన గంపలో పెట్టి, ఇంటికి తెచ్చి, పైన బల్బు వేలాడదీశాను. కోడి తన గుడ్లను రోజూ ముక్కుతో పొర్లిస్తుంది కదా అని నేనూ రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొర్లించాను. పది పన్నెండు రోజులకల్లా గుడ్లు సొట్టలుపడి, పచ్చబడి, వాసన కొట్టాయి. ఒకటి కోసి చూస్తే లోపల సన్నటి ఎర్రటి నరాలు, వేలెడు లేని పిల్ల రూపం, చచ్చిపోయి కనిపించింది. తల్లిని కూలీలు చంపారు. పిల్లల్ని చంపింది నేనే. ఎందుకు చచ్చిపోయాయో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మన కొండచిలువ రహస్యంగా బతికే జీవి. దాని కాపురం గుహల్లో, చెట్టు తొర్రల్లో, రాళ్ల సందుల్లో, ఏదుపంది తవ్విన బొరియల్లో. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో సుబ్రమణియన్ భూపతి అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వీటి బొరియల్ని గమనించారు. అక్కడ చలికాలంలో బొరియ వాకిట్లో ఎండ కాచుకుంటూ ఇవి కనిపిస్తాయి. ఒడిశాలో నందన్‌కానన్ జంతు ప్రదర్శనశాలలో ఆచార్జ్యో, మిశ్రా గార్లు బోనులోని కొండచిలువల సంతానం గురించి, పిల్లల పెరుగుదల గురించి 1970లలోనే రాసి ప్రచురించారు. అంటే మన దేశంలో, మన ఇరుగుపొరుగునే ఈ పని జరిగింది.

అయితే ఆడ పాము కడుపులో రోజురోజుకూ ఏం జరుగుతుందో అన్నిటికన్నా వివరంగా తెలిసింది ఇంకొక జాతి వల్ల. దాన్ని బాల్ పైథాన్ అంటారు. భయం వేస్తే తలను లోపల దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది, అందుకా పేరు. సాధారణంగా నాలుగైదు అడుగులుండే చిన్న కొండచిలువ. దాని పుట్టిల్లు ఆఫ్రికా ఖండం పడమటి, మధ్య భాగాలు: ఘనా, టోగో, బెనిన్ వంటి దేశాలు. బెనిన్‌లో వీదా అనే ఊళ్లో ఈ పాముకు గుడి ఉంది. అక్కడి భక్తులు దాన్ని చంపరు, దారిలో కనిపిస్తే ఎత్తి పక్కకు చేరుస్తారు. పుట్టకు పాలు పోసే మనకు ఇది వింతగా తోచదు. ఆ దేశాల నుంచే లక్షల పిల్లలు పెంపుడు జంతువుల బజారుకు ఎగుమతి అయ్యాయి. అమెరికాలో, ఐరోపాలో వేలమంది వీటిని పెంచి పిల్లల్ని తీయించి అమ్ముతారు. తెల్లని చర్మం, ఎర్రటి కళ్లు ఉన్న పాముకు ఒక ధర, మచ్చల పాముకు ఇంకో ధర. డబ్బుతో కూడిన వ్యవహారం కనుక ఆడ పాము తిన్నదీ మాన్నదీ, చర్మం వదిలిందీ, గుడ్డు పెట్టిందీ తేదీలతో సహా రాసిపెట్టుకున్నారు. ఆ లెక్కే మన కొండచిలువను అర్థం చేసుకోవడానికీ పనికొస్తుంది. పరిమాణం వేరు, నెలలు కాస్త వేరు, వరుస మాత్రం ఒకటే.

మొదటి సంగతి. ఆడ కొండచిలువకు సంతానం అంటే ముందుగా ఒంట్లో నిల్వ. కోడిపెట్ట రోజూ తినే గింజ బలంతోనే గుడ్డు తయారు చేసుకోగలదు. కొండచిలువ అలా కాదు. వానాకాలంలో, ఆ తరువాత నెలల్లో ఎలుకలు, పందికొక్కులు, కుందేళ్లు తిని కొవ్వు కూడబెడుతుంది. ఆ కొవ్వు చాలినంత లేకపోతే ఆ ఏడాది గుడ్డు ఊసే ఎత్తదు. బాల్ పైథాన్ పెంచేవాళ్లు ఆడపాముకు మూడేళ్ల వయసు, దాదాపు కిలోన్నర బరువు వచ్చేదాకా జతకు వదలరు. మగదానికి అందులో సగం బరువున్నా చాలు. ఇల్లు కట్టేవాడు ముందు ఇటుకలు లెక్కపెట్టుకున్నట్టే, ఈ తల్లి ముందు తన ఒంట్లోని నిల్వను చూసుకుంటుంది.

రెండవది చలి. మన దగ్గర మార్గశిరం, పుష్యం, మాఘం, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకూ ఇవి జతకట్టే కాలం. రాత్రుళ్లు చల్లబడటం, పగళ్లు చిన్నవి కావడం వాటికి గడియారం. మగపాముకు తోక మొదట్లో రెండు పక్కలా చిన్న ముల్లు లాంటి కొక్కేలుంటాయి. అవి ఒకనాటి వెనక కాళ్ల ఆనవాళ్లు. ఆడదానికీ ఉంటాయి, కానీ చిన్నవి. మగది ఆ ముళ్లతో ఆడదాని ఒంటిని గీరుతూ పిలుస్తుంది. రెండూ గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజంతా పెనవేసుకొని ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. జతకట్టిన రోజు నుంచి గుడ్డు లెక్క వేస్తారు. అది తప్పు. మగదాని బీజాన్ని ఆడది ఒంట్లో వారాలు, నెలలు భద్రపరచుకోగలదు. అసలు లెక్క మొదలయ్యేది అండాశయంలో గుడ్డు పండి విడుదలైన రోజు నుంచి.

మూడవది ఆ పండటం. గుడ్లు పెట్టే కోడిని కోసినప్పుడు మీరు చూసే ఉంటారు. లోపల పచ్చసొన ముద్దలు గుత్తిగా, ఆవగింజంతది, శనగగింజంతది, గోళీకాయంతది, వరుసగా ఉంటాయి. కోడికి రోజుకొకటి చొప్పున పండుతాయి. కొండచిలువకు అన్నీ ఒకేసారి పండుతాయి. బాల్ పైథాన్‌లో కొన్ని మిల్లీమీటర్ల గింజలు కొన్ని నెలల్లో పెరిగి 30 నుంచి 40 మిల్లీమీటర్ల ముద్దలవుతాయి. అప్పుడు ఆడపాము నడవడి మారుతుంది. చల్లటి మూల వెతుక్కుంటుంది. తిండి మానేస్తుంది. తొట్టిలో పెట్టిన నీళ్లకు చుట్టుకొని పడుకుంటుంది. ఒక్కొక్కప్పుడు పొట్ట పైకి పెట్టి వెల్లకిలా పడుకుంటుంది. కొత్తగా పెంచేవాళ్లు జబ్బు చేసిందని కంగారుపడతారు. జబ్బు కాదు, కాన్పు గుర్తు.

నాలుగవది అండం విడుదల. ఆ రోజు పాము నడుము భాగం కోడిని మింగినట్టు ఉబ్బుతుంది. మింగింది ఏమీ లేదు. దాదాపు ఒక్క రోజులో ఆ ఉబ్బు తగ్గుతుంది. పండిన ముద్దలన్నీ అండాశయం విడిచి గుడ్డు నాళంలోకి దిగాయన్నమాట. అక్కడే బీజంతో కలుస్తాయి, అక్కడే పైన పెంకు కడుతుంది. దీని తరువాత పాము చల్లదనం విడిచి వెచ్చదనం వెతుక్కుంటుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ కుబుసం తేదీ అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు. బాల్ పైథాన్ ఆ కుబుసం విడిచిన తరువాత నెల రోజులు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది.

ఐదవది గుడ్లు. బాల్ పైథాన్ చిన్నది కనుక నాలుగు నుంచి ఆరు, ఎక్కువలో ఎక్కువ పదీ పదకొండు. మన కొండచిలువ పెద్దది కనుక పది ఇరవై మొదలుకొని యాభై దాకా పెట్టవచ్చు. మార్చి నుంచి జూన్ లోపు, అంటే సరిగ్గా మనం చెరకు నరికే, మామిడి కోసే, దుక్కికి ముందు గట్లు, కుప్పలు సరిచేసుకునే రోజుల్లో. ఈ రెండు కాలాలూ ఒకదాని మీద ఒకటి పడటమే అసలు చిక్కు. ఆడ కొండచిలువ మనిషి కంటపడేది చాలావరకు ఈ నెలల్లోనే, కదలకుండా కూర్చున్నప్పుడే. మనం చంపుతున్నది ఏదో ఒక పామును కాదు. ఏరి ఏరి తల్లుల్ని చంపుతున్నాం.

ఇప్పుడు నా పొరపాటు సంగతి. కోడి గుడ్డుకు పెంకు గట్టి. లోపల పచ్చసొనను రెండు వైపులా మెలితిరిగిన తాళ్లలాంటివి పట్టి ఉంచుతాయి. కోడి పొర్లించకపోతే లోపలి పిండం పెంకుకు అతుక్కుపోతుంది. పాము గుడ్డు పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. పెంకు తోలులా మెత్తన. ఆ తాళ్లు ఉండవు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పై భాగానికి చేరి అక్కడి పొరలకు అంటుకొని పెరుగుతుంది. అంటుకోవడమే దాని ప్రాణం. దాన్ని తలకిందులు చేస్తే పచ్చసొన బరువు కింద పడి పిండం నలిగిపోతుంది. నేను రోజుకు రెండుసార్లు చేసింది అదే. ఇంకొకటి, మెత్తటి పెంకు నీళ్లు పీల్చుకుంటుంది, వదులుతుంది. చుట్టూ తేమ లేకపోతే ఎండిన నిమ్మకాయలా సొట్టపోతుంది. నా బల్బు చేసింది ఆ పని. గుడ్లు ఒకదానికొకటి అతుక్కోవడం కూడా ఊరికే కాదు. ముద్దగా ఉంటే తేమ పోయే మేర తగ్గుతుంది, దొర్లిపోవు.

మరి తల్లి ఏం చేస్తుంది? గుడ్ల చుట్టూ తన ఒళ్లంతా చుట్టి, పైన తల పెట్టి, కప్పులా మూసేస్తుంది. పాము చల్లని నెత్తురు గల జీవి కదా, అది పొదగడమేమిటని పూర్వం పెద్ద పెద్ద పండితులే నవ్వారు. మన దేశానికి వచ్చిన లమార్-పికో అనే ఫ్రెంచి ఆయన, కొండచిలువ గుడ్ల మీద కూర్చున్నప్పుడు దాని ఒళ్లు వెచ్చగా ఉందని 1830ల మొదట్లో పారిస్‌లో శాస్త్రజ్ఞుల సభకు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. తరువాత 1841లో పారిస్ జంతుశాలలోనే ఒక కొండచిలువ మే నెలలో గుడ్లు పెట్టి చుట్టుకొని కూర్చుంది. వాలెన్సియెన్ అనే శాస్త్రజ్ఞుడు చుట్టల మధ్య ఉష్ణమాపకం పెట్టి చూస్తే గది గాలికన్నా వెచ్చగా ఉంది. జూలైలో పిల్లలొచ్చాయి.

ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో ఖాయంగా తేలడానికి 1966 దాకా ఆగాల్సి వచ్చింది. న్యూయార్క్ జంతుశాలలో హచిసన్, డౌలింగ్, వినెగార్ అనే ముగ్గురు, మన కొండచిలువకు దగ్గరి చుట్టమైన బర్మా కొండచిలువను పరీక్షించారు. గుడ్ల మీద కూర్చున్న తల్లి ఒళ్లు ఉండుండి కుదుపుతుంది, మనకు చలిజ్వరంలో వణుకు వచ్చినట్టు. చుట్టూ చల్లబడినకొద్దీ ఆ కుదుపులు ఎక్కువవుతాయి. కండరాలు పనిచేసి వేడి పుడుతుంది. గుడ్లకు 30 నుంచి 33 డిగ్రీల వేడి అందేలా తల్లి తన ఒంట్లోని కొవ్వును కరిగించి కాపాడుతుంది. మన కొండచిలువదీ ఇదే పద్ధతి.

బాల్ పైథాన్ ఇలా వణికి వేడి పుట్టించదు. దాని దేశం ఎలాగూ వేడి. మరి అదెందుకు చుట్టుకుంటుంది? టోగోలో చేసిన పరిశోధన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. తల్లిని తీసేసిన గుడ్ల నుంచి నీరు ఎక్కువగా ఇంకిపోయింది. తల్లి చివరిదాకా చుట్టుకొని ఉన్న గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఒళ్లు చేసి, చురుగ్గా ఉన్నాయి. అంటే ఒక తల్లి దుప్పటి అయితే ఇంకో తల్లి తడిగుడ్డ. రెండూ తల్లితనమే.

ఈ కాలమంతా, దాదాపు రెండు నెలలు, తల్లి ఏమీ తినదు. చలికాలంలో మానేసిన తిండితో కలిపి లెక్క వేస్తే నాలుగైదు నెలల ఉపవాసం. గుడ్లు పెట్టి లేచేసరికి ఒంటి బరువులో పెద్ద భాగం పోతుంది. తోలు ముడతలు పడి, వెన్నెముక గట్టులా తేలి ఉంటుంది. అందుకే చాలా కొండచిలువలు మరుసటి ఏడు గుడ్డు పెట్టవు. మళ్లీ కూడబెట్టుకోవాలి. ఒక తల్లి చస్తే ఆ ఏటి పిల్లలే కాదు, రాబోయే ఎన్నో ఏళ్ల పిల్లలు పోయినట్టే.

ఇంకో విచిత్రం చెబుతాను. అమెరికాలో సెయింట్ లూయిస్ జంతుశాలలో ఒక ముసలి బాల్ పైథాన్ ఉండేది. 1961లో ఎవరో ఇచ్చారు. 2020 జూలైలో, అరవై దాటిన వయసులో, అది ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి పదిహేనేళ్లకు పైగా మగపాము ముఖం చూసింది లేదు. ఆడపాము బీజాన్ని చాలా కాలం దాచుకోగలదు. కొన్ని కొండచిలువ జాతుల్లో మగదానితో పని లేకుండానే పిల్లలు పుట్టడం కూడా రుజువైంది. ఆమ్‌స్టర్‌డామ్ జంతుశాలలోని బర్మా కొండచిలువ విషయంలో 2003లోనే జన్యు పరీక్షతో తేల్చారు.

ఇక్కడ మన కుర్రవాళ్లకు ఒక మాట. ఈ మధ్య పట్నాల్లో బాల్ పైథాన్ పెంచుకోవడం ఒక సరదా అయింది. మీరు వినండి. మన కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టడం, పెంచడం, చంపడం, గుడ్లు తీయడం, అన్నీ నేరమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకూ జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. విదేశీ పాములకు కూడా 2022లో సవరించిన చట్టం ప్రకారం లెక్క ఉంది. ఆ సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. బాల్ పైథాన్ వంటివి ఎవరి దగ్గరున్నా అధికారుల దగ్గర నమోదు చేయించాలని, పిల్లలు పుట్టినా చచ్చినా తెలపాలని 2024లో నియమాలు వచ్చాయి.

చట్టం ఒక ఎత్తు. విసుగొచ్చి వదిలేస్తే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడాను చూడండి. పెంపుడు బజారు నుంచి బయటపడ్డ బర్మా కొండచిలువలు అక్కడి చిత్తడి అడవుల్లో కాపురం పెట్టి కుందేళ్లను, చిన్న జంతువులను ఊడ్చేశాయి. 2017లో వాటిని వెతకడానికి తమిళనాడు నుంచి మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుల పెద్దల్ని పిలిపించారు. తరతరాల విద్య కదా, జాడ చూసి వెదికి పట్టి చూపించారు. ఆ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి శాస్త్రజ్ఞులు ఇప్పుడు మగపాముకు రేడియో పరికరం అమర్చి వదులుతారు. జతకాలంలో అది పెద్ద ఆడపాము దగ్గరికి దారి చూపిస్తుంది. అలా 2021 డిసెంబరులో పట్టిన ఒక్క ఆడదాని బరువు 215 పౌండ్లు, అంటే సుమారు 98 కిలోలు. కడుపులో పెరుగుతున్న గుడ్లు 122. అక్కడ ఆ తల్లిని తీసేయక తప్పదు, అది పరాయి చోటు. ఇక్కడ మన తల్లిని కాపాడుకోవాలి, ఇది దాని సొంత చోటు. లెక్క ఒకటే, న్యాయం చోటును బట్టి.

ఇక రైతు సోదరులకు, తోటల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు నాలుగు మాటలు. రాళ్లకుప్పలోనో, కంపలోనో, చెరకు మోళ్లలోనో పెద్ద పాము చుట్ట చుట్టుకొని, మనిషి వచ్చినా కదలకుండా ఉంటే గుడ్ల మీద ఉందేమోనని అనుమానించండి. దూరం జరగండి. ముఖ్యంగా ఒక జాగ్రత్త. పిల్ల కొండచిలువనూ రక్తపింజరినీ చూసి పొరబడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. రక్తపింజరి వీపు మీద మచ్చలు గొలుసులో కడియాల్లా వరుసగా, ఒక తీరుగా ఉంటాయి. కొండచిలువ మచ్చలు పెద్దవి, తలా ఒక ఆకారం. అయినా సందేహం ఉంటే రక్తపింజరి అనే అనుకోండి. చేత్తో ముట్టవద్దు, కర్రతో పొడవవద్దు.

గుడ్లను అసలు కదిలించవద్దు. చుట్టూ పది పన్నెండు అడుగుల దూరంలో తాడు కట్టి పిల్లల్ని, కుక్కల్ని అటు పోనివ్వవద్దు. దగ్గరలో చెత్తకు నిప్పు పెట్టవద్దు. కోళ్లను, మేకపిల్లల్ని రాత్రి మూసిన కొట్టంలో ఉంచండి. దగ్గరి అటవీ రేంజి ఆఫీసుకు చెప్పండి. కదిలించక తప్పని చోటైతే వాళ్లు చూసుకుంటారు, మనం కాదు. మీరు పెట్టాల్సింది డబ్బు కాదు, రెండు నెలల ఓపిక. పిల్లలు ఒకటిన్నర, రెండడుగుల పొడుగుతో పెంకు చీల్చుకొని వస్తాయి. వచ్చిన నాటి నుంచే ఎవరి దారి వాళ్లది. తల్లి కూడా వెళ్లిపోతుంది. మీ పొలంలో ఎలుకలు, పందికొక్కులు తినేవాళ్లు మిగులుతారు.

చివరిగా, రెండేళ్ల కిందట ఒక పొద్దున ఫోను వచ్చింది. 1998లో బావి తవ్వించిన ఆ రైతు కొడుకు. "అయ్యవారూ, మా నాయన కాలంలో తీసిన కుప్పకు పక్కనే ఇంకో కుప్పలో చిలువ చుట్ట చుట్టుకోనుండాది. కూలోళ్లు గడ్డపారలు పట్టుకోనుండారు. ఏం చేయమంటారు?" అన్నాడు. "గడ్డపారలు కింద పెట్టించు నాయనా, నేనొస్తున్నా" అన్నాను. వెళ్లి దూరం నుంచే చూశాను. ఈసారి నేనూ ముట్టుకోలేదు. అటవీ శాఖ మనిషి వచ్చి చూసి, తాడు కట్టించి, అలాగే ఉండనివ్వమన్నాడు. ఆ అబ్బాయి ఆ నాలుగు చెట్ల కాయ కోయకుండా వదిలేశాడు. కాయ రాలి కుళ్లింది. నష్టం లేదనను, ఉంది. ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు.

జూలైలో తొలకరి పడ్డాక మళ్లీ పిలిచాడు. కుప్ప ఖాళీ. తల్లి లేదు, పిల్లలు లేవు. అడుగున కత్తితో కోసినట్టు చీలిన తెల్లటి పెంకులు మిగిలాయి. ఆ అబ్బాయి కూర్చొని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. 19 చీలినవి, రెండు చీలకుండా ఎండిపోయినవి. "అయ్యవారూ, పంతొమ్మిది పోయినాయి" అన్నాడు. పోయినాయి అంటే బతికి పోయినాయి అని. పాతికేళ్లకు పైగా నా దగ్గర ఉన్న 23 గుడ్ల బాకీ దీనితో తీరిందని నేననను. కానీ ఆ మాట విన్నాక ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మీ తోటలో ఆ కుప్ప కనిపించిన రోజున ఈ మాటలు గుర్తు చేసుకుంటారని ఆశిస్తున్నాను.